కొత్త రావ్4 కోసం ఆగాలా? మంచు ఊళ్లో ఆల్ వీల్ డ్రైవ్ కారు ఎంచుకునేవాళ్లకు

దీపావళి దాటి చెట్ల ఆకులన్నీ రాలాయంటే మిషిగన్‌లో తెలుగు ఇళ్లలో కార్ల మాట మొదలవుతుంది. టెక్సస్ నుంచో కాలిఫోర్నియా నుంచో ఉద్యోగం మారి వచ్చినవాళ్లకు అది మొదటి చలికాలం. అప్పటిదాకా నడిపిన చిన్న కారుతో మంచులో ఎలా నెట్టుకొస్తామా అని టెన్షన్. "అన్నా, ఆల్ వీల్ డ్రైవ్ ఉండాలంటున్నారు, ఏది తీసుకోమంటావు?" అని ఏటా ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. ఆల్ వీల్ డ్రైవ్ అంటే నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు. ఈసారి ప్రశ్న కొంచెం మారింది. "కొత్త రావ్4 వస్తోంది కదా, ఆగమంటావా, లేక సీఆర్‌వీ తీసేసుకోమంటావా?" రావ్4 టయోటా వాళ్ల ఎస్‌యూవీ, సీఆర్‌వీ హోండా వాళ్లది. 2025 నవంబర్‌లో ఒకే వారంలో ముగ్గురు ఇదే అడిగారు. ముగ్గురికీ మూడు వేరు జవాబులు చెప్పాను. అలా ఎందుకు చెప్పానో వివరంగా రాస్తే మరికొందరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను కార్ల కంపెనీలో పనిచెయ్యను. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో పద్నాలుగు చలికాలాలు గడిపాను. పిల్లల్ని బడికి దింపడం, ఐ-696 హైవే మీద ఆఫీసుకు వెళ్లడం, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను తిప్పడం, వీటితో తెలిసిన విషయాలే ఇవి.

కొత్తదాంట్లో నిజంగా కొత్తదేంటి

2025 మే నెలలో టయోటా ఆరో తరం రావ్4ని చూపించింది. అంతకు ముందు అమ్ముడైన ఐదో తరం బండి 2018లో న్యూయార్క్ ఆటో షోలో కనిపించి, 2019 మోడల్‌గా అమ్మకానికి వచ్చింది. అంటే ఇన్నేళ్ల తర్వాత మొత్తంగా మారడం ఇదే మొదలు. అందుకే ఇంత ఎదురుచూపు. హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు ఎలక్ట్రిక్ మోటారు ఉన్నది) 2025 డిసెంబర్ నుంచి షోరూమ్‌లకు వస్తుందని టయోటా చెప్పింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (కరెంటు ప్లగ్గుతో కూడా ఛార్జ్ చేసుకోగలిగేది) ఆ తర్వాత, 2026లో.

అన్నిటికంటే పెద్ద మార్పు ఇంజిన్ విషయంలో. అమెరికాలో ఇకపై కేవలం గ్యాస్‌తో, అంటే పెట్రోలుతో, నడిచే కొత్త రావ్4 ఉండదు. ప్రతి బండీ హైబ్రిడ్, లేదంటే ప్లగ్-ఇన్ హైబ్రిడ్. హైబ్రిడ్‌లో ఆల్ వీల్ డ్రైవ్ తీసుకుంటే 236 హార్స్‌పవర్, ముందు చక్రాలతో మాత్రమే నడిచేది తీసుకుంటే 226. పాత హైబ్రిడ్‌లో ఇది 219 ఉండేది. ప్లగ్-ఇన్‌కి 320 పైన హార్స్‌పవర్ ఉంటుంది, ఒక్కసారి ఛార్జ్ చేస్తే 50 మైళ్ల దాకా కరెంటు మీదే పోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పాత రావ్4 హైబ్రిడ్ కొన్నవాళ్లకు ఆల్ వీల్ డ్రైవ్ దానంతట అదే వచ్చేది. కొత్తదాంట్లో అలా కాదు. ధర ప్రకటించినప్పుడు 31,900 డాలర్ల దగ్గర మొదలైన ఎల్ఈ ట్రిమ్ (అన్నిటికంటే చవక రకం) ముందు చక్రాల బండి. ఆల్ వీల్ డ్రైవ్ కావాలంటే డబ్బు అదనంగా కట్టి ఎంచుకోవాలి. "హైబ్రిడ్ కాబట్టి నాలుగు చక్రాలూ తిరుగుతాయి" అనుకుని సంతకం పెట్టేస్తే, జనవరిలో డ్రైవ్‌వే ఎక్కేటప్పుడు గానీ అసలు సంగతి తెలియదు. అద్దానికి అంటించిన స్టిక్కర్ మీద ఆ మాట ఉందో లేదో కళ్లారా చూసుకోండి.

అడుగున చూస్తే ఇది పూర్తిగా కొత్త బండి కాదు. ఐదో తరానికి వాడిన టీఎన్‌జీఏ-కె అనే అడుగు చట్రాన్నే గట్టిపరిచి వాడారు. పొడవు, చక్రాల మధ్య దూరం ఇంచుమించు అంతే. 2.5 లీటర్ల హైబ్రిడ్ ఇంజిన్ కూడా టయోటా ఏళ్లుగా వాడుతున్న కుటుంబంలోదే. పూర్తిగా కొత్తది సాఫ్ట్‌వేర్. అరీన్ అనే కొత్త వ్యవస్థను టయోటా మొదటిసారి ఈ కారులోనే పెడుతోంది. తెర, మాటలతో ఆజ్ఞలివ్వడం, ప్రమాదాలు తప్పించడానికి సాయపడే టయోటా సేఫ్టీ సెన్స్ 4.0, అన్నీ దాని మీదే నడుస్తాయి. మొదటి ఏడాది మోడల్ కొనకూడదని పెద్దలు చెప్పే మాట నేనూ నమ్ముతాను. కానీ ఈ కారు విషయంలో నా భయం ఇంజిన్ గురించి కాదు, ఆ తెర గురించి. ఇంజిన్ పాడైతే బండి ఆగిపోతుంది. తెర మొరాయిస్తే చిరాకు పుడుతుంది, డీలర్ దగ్గరికి నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు పడగలరో లేదో మీరే చెప్పుకోవాలి. చంటిబిడ్డతో, ఇద్దరూ ఉద్యోగాలతో సతమతమయ్యే ఇంటికి అది చిన్న విషయం కాదు.

నాలుగు చక్రాలు తిరగడం అన్ని కార్లలో ఒకటి కాదు

రావ్4, సీఆర్‌వీ, సుబారు ఫారెస్టర్, ఈ మూడు కార్లనూ "ఏడబ్ల్యూడీ" (ఆల్ వీల్ డ్రైవ్) అనే ఒకటే పేరుతో అమ్ముతారు. లోపల జరిగే పని మాత్రం వేరు వేరు. ఇది తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది.

రావ్4 హైబ్రిడ్‌లో ముందు నుంచి వెనక్కి పోయే ఇరుసు లేదు. ముందు చక్రాలను ఇంజిన్, మోటారు కలిసి తిప్పుతాయి. వెనక చక్రాలకు విడిగా ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది. పాత తరంలో ఆ వెనక మోటారు బలం 54 హార్స్‌పవర్. ముందు చక్రాలు జారుతున్నాయని తెలిసినప్పుడో, ఆగి ఉన్న బండి కదిలేటప్పుడో అది సాయానికి వస్తుంది. ఊళ్లో ప్లవ్ చేసిన (బండితో మంచు తోసేసిన) రోడ్ల మీద, సిగ్నల్ దగ్గర కదలడానికి, కొంచెం ఏటవాలు డ్రైవ్‌వే ఎక్కడానికి ఇది బాగా సరిపోతుంది. కూరుకుపోయే లోతు మంచులో చాలాసేపు వెనక చక్రాలే బండిని నెట్టాల్సి వస్తే, ఆ చిన్న మోటారు నుంచి అంత ఆశించకూడదు.

హోండా సీఆర్‌వీలో, హైబ్రిడ్ అయినా సరే, ముందు నుంచి వెనక్కి నిజంగా ఇరుసు పోతుంది. వెనక ఉన్న క్లచ్ ఆ బలాన్ని అవసరాన్ని బట్టి వెనక చక్రాలకు అందిస్తుంది. 2023 మోడల్‌తో వచ్చిన ఈ తరంలో బలంలో సగం దాకా వెనక్కి పోగలదు.

సుబారు ఫారెస్టర్ తీరే వేరు. అక్కడ ఆల్ వీల్ డ్రైవ్ అనేది జారాక మేలుకునేది కాదు, నాలుగు చక్రాలకూ బలం ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. 2025లో వచ్చిన ఫారెస్టర్ హైబ్రిడ్‌లో కూడా ఇరుసు తీసెయ్యలేదు. హైబ్రిడ్ పరిజ్ఞానం టయోటా నుంచి వచ్చిందే, సుబారులో టయోటాకు దాదాపు 20 శాతం వాటా ఉంది. అయినా వెనక చక్రాల విషయంలో మాత్రం సుబారు తన పద్ధతిని వదల్లేదు. దీనికి తోడు నేల నుంచి 8.7 అంగుళాల ఎత్తు. రాత్రంతా మంచు పడి, ప్లవ్ బండి వెళ్లాక మీ డ్రైవ్‌వే మొదట్లో గట్టుకట్టిన మంచు చూసే ఉంటారు. పార పట్టుకునే తీరిక లేని ఉదయం ఆ గట్టు దాటడానికి ఎత్తే ఎక్కువ పనికొస్తుంది.

ఇంత చెప్పాక కూడా అన్నిటికంటే ముఖ్యమైన మాట మిగిలే ఉంది. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది. ఆపదు.

కొన్నేళ్ల కిందట ఒక జనవరి ఉదయం. అప్పట్లో నా దగ్గర ఉన్నది ఆల్ వీల్ డ్రైవ్ కారే. టైర్లు దాంతో వచ్చినవే, ఆల్ సీజన్, నాలుగో ఏడాది నడుస్తున్నాయి. పాపను బడికి తీసుకెళ్తున్నాను. ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద ఎర్ర లైటు పడితే బ్రేకు తొక్కాను. కాలి కింద బ్రేకు జరజరమని వణికింది, బండి మాత్రం ఆగలేదు. మెల్లగా, తీరిగ్గా గీత దాటి కూడలి మధ్యకు వెళ్లి నిలబడింది. అటూ ఇటూ ఎవరూ రావడం లేదు కాబట్టి బతికాం. వెనక సీట్లోంచి పాప "ఎందుకు నాన్నా ఆగలేదు?" అంది. చేతులు స్టీరింగ్ మీద నుంచి తియ్యలేకపోయాను.

ఆ శనివారమే వింటర్ టైర్లు వేయించాను. చలి ఏడు డిగ్రీల సెల్సియస్, అంటే ఇక్కడి లెక్కలో 45 డిగ్రీల కంటే దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు గుర్తు ఉంటే అది మంచు పరీక్ష దాటిందన్నమాట. రిమ్ములతో కలిపి ఒక సెట్టుకు వెయ్యి డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ఏడాది పొడవునా ఒకే సెట్టు అరగకుండా రెండు సెట్లు పంచుకుంటాయి కాబట్టి ఆ డబ్బంతా అదనపు ఖర్చు కాదు. ముందు చక్రాల బండి అయినా నాలుగు వింటర్ టైర్లు వేసుకున్నవాడు, అరిగిన ఆల్ సీజన్ టైర్లతో ఆల్ వీల్ డ్రైవ్ నడిపేవాడికంటే కూడలిలో క్షేమంగా ఆగుతాడు. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. ఏ కారు అన్నది ఆ తర్వాతి మాట.

ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న కారుకు టైర్ల విషయంలో మరో ఖర్చు కూడా ఉంది. నాలుగింటి అరుగుదల దగ్గరదగ్గరగా ఉండాలి, లేకపోతే ఇరుసు, క్లచ్‌ల మీద భారం పడుతుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలు తిప్పే సుబారులో ఇది మరీ ముఖ్యం. టైర్లు సగం అరిగాక ఒకదానికి పక్కన మేకు దిగి రిపేరుకు లొంగకపోతే, షాపువాడు నాలుగూ మార్చమంటాడు. మోసం అనుకోకండి, చాలాసార్లు అది సరైన సలహానే.

ఉప్పు సంగతి

డెట్రాయిట్ నేల కింద, 1,200 అడుగుల లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. చలికాలం మొదలైతే అలాంటి ఉప్పే మన రోడ్ల మీద పడుతుంది. మంచును కరిగిస్తుంది, కారు అడుగును తింటుంది.

ఐదో తరం రావ్4 హైబ్రిడ్‌కు దీనితో ఒక చెడ్డ అనుభవం ఉంది. వెనక మోటారుకు కరెంటు తీసుకెళ్లే హై వోల్టేజి కేబుల్ చివర, ఉప్పునీళ్లు చేరి తుప్పు పట్టడం 2019 నుంచి 2021 మోడళ్లలో బయటపడింది. మార్చాలంటే వేల డాలర్లు. కెనడాలో, అమెరికా ఉత్తరపు రాష్ట్రాల్లో ఓనర్లు గట్టిగా అడిగాక టయోటా ఆ భాగానికి వారంటీని ఎనిమిదేళ్లకు, లక్ష మైళ్లకు పెంచింది. కొత్తది కొనలేక పాత రావ్4 హైబ్రిడ్ చూస్తున్నవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏళ్ల బండి అయితే మెకానిక్ దగ్గర లిఫ్టు మీదికి ఎక్కించి అడుగున ఆ కనెక్టర్ చూపించుకోండి, వారంటీ ఎప్పటిదాకా ఉందో వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) ఇచ్చి డీలర్‌ను అడగండి.

ఆరో తరంలో కూడా వెనక మోటారు, దానికి కేబుల్ ఉంటాయి. తయారుచేసినవాళ్లు పాఠం నేర్చుకునే ఉంటారని నా ఆశ. అయినా ఉప్పు పడే ఊళ్లో ఉన్నవాళ్లు ఏ కారు కొన్నా చలికాలంలో రెండు వారాలకోసారి అడుగు కడిగే వాష్‌కు తీసుకెళ్లడం మంచిది.

సీఆర్‌వీ: అమ్మానాన్నలు వచ్చే ఇల్లు

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. తెనాలి నుంచి వచ్చినప్పుడు ఆరు నెలలు మాతో ఉంటుంది. కారు ఎక్కడం, దిగడం ఆవిడకు పెద్ద పని. మరీ ఎత్తైతే కాలు లేవదు, మరీ కిందికైతే లేవడం కష్టం. సీఆర్‌వీ వెనక సీటు తలుపు ఇంచుమించు 90 డిగ్రీలు తెరుచుకుంటుంది. చీర కుచ్చెళ్లు పట్టుకుని, ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తీసుకోవడానికి కావాల్సినంత చోటు ఉంటుంది. వెనక కాళ్లు చాపుకునే జాగా 41 అంగుళాలు. పక్కన పిల్లల కారు సీటు బిగించినా ఇబ్బంది లేదు. తల్లిదండ్రులు ఏటా వచ్చే ఇళ్లకు నేను మొదట సీఆర్‌వీ చూడమనేది ఇందుకే.

హైబ్రిడ్‌కు 204 హార్స్‌పవర్. ఆల్ వీల్ డ్రైవ్‌తో గ్యాలన్‌కు 37 మైళ్లు అని ప్రభుత్వ రేటింగ్. గ్యాస్ ఒక్కటే ఉన్నదాంట్లో 1.5 లీటర్ టర్బో, 190 హార్స్‌పవర్. నన్నడిగితే హైబ్రిడే మంచిది. ఊళ్లో నెమ్మదిగా, మెత్తగా పోతుంది. హైవే మీద ఒక్కసారిగా వేగం పెంచాలంటే ఇంజిన్ కాస్త గట్టిగా అరుస్తుంది. దానికి అలవాటు పడాల్సిందే.

సీఆర్‌వీ హైబ్రిడ్‌లో నాకు నచ్చని విషయం స్టెప్నీ లేకపోవడం. టైరుకు చిల్లు పడితే గాలి నింపే కిట్టు ఇస్తారు. ఊళ్లో అయితే పర్వాలేదు. ఒహాయో టర్న్‌పైక్ మీద, సున్నా డిగ్రీల చలిలో, వెనక సీట్లో పెద్దవాళ్లు ఉండగా టైరు పక్క చీలితే ఆ కిట్టు పనికిరాదు. టో ట్రక్కు కోసం కూర్చోవాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఇప్పుడు చాలా కార్లలో స్టెప్నీ తీసేస్తున్నారు కాబట్టి ఏ బండి చూసినా డిక్కీ అడుగు పలక ఎత్తి చూడండి. సేల్స్‌మన్ తనంతట తాను చెప్పడు.

ఫారెస్టర్: ప్లవ్ ఆలస్యంగా వచ్చే వీధి

ఫారెస్టర్‌లో కూర్చుంటే మొదట తెలిసేది అద్దాలు. ముందూ, పక్కలా, వెనకా అన్నీ పెద్దవి, స్తంభాలు సన్నగా ఉంటాయి. సాయంత్రం ఐదుకే చీకటి పడే డిసెంబర్‌లో, వాన, మంచు కలిసి పడుతుంటే, పక్కనుంచి వచ్చే మనిషి కనిపించడం ఎంత ముఖ్యమో నడిపేవాళ్లకు తెలుసు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుని, ఇక్కడి రోడ్లంటే భయపడే భార్యకో చెల్లెలికో కారు చూస్తున్నవాళ్లు ఒకసారి ఆమెనే ఇందులో కూర్చోబెట్టండి. ఆ భయం కొంత తగ్గడం ముఖంలోనే కనిపిస్తుంది.

గ్యాస్ ఫారెస్టర్‌కు 180 హార్స్‌పవర్, గ్యాలన్‌కు 29 మైళ్లు. హైబ్రిడ్‌కు 194, గ్యాలన్‌కు 35. బలం రెండింటిలోనూ అంతంతమాత్రమే. ఐ-696 మీద ర్యాంపు ఎక్కి ట్రక్కుల మధ్యలోకి దూరేటప్పుడు కాస్త ముందుగానే చూసుకోవాలి. హైబ్రిడ్ ట్యాంకు నింపితే 581 మైళ్ల దాకా పోతుందని సుబారు చెబుతోంది. ఇక్కడి నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడి దాదాపు మూడు వందల మైళ్లు. వేసవిలో అయితే ఒక ట్యాంకుతో ఇంచుమించు వెళ్లి వచ్చేయొచ్చు.

మిగతావాటి గురించి నాలుగు ముక్కలు. మాజ్డా సీఎక్స్-5 కూడా 2026కి పూర్తిగా మారింది. వెనక సీటు పెరిగింది, ఆల్ వీల్ డ్రైవ్ అన్ని ట్రిమ్‌లలోనూ ఉంటుంది, నడపడానికి హాయిగా ఉంటుందని మాజ్డాకు పేరు. కానీ 2026 మోడల్‌లో హైబ్రిడ్ లేదు. పైగా ఏసీ, హీటర్ మీటల్ని కూడా తెరలోకి పంపేశారు. చేతికి గ్లవ్స్‌తో హీటర్ పెంచుకోవాల్సిన ఊళ్లో అది నాకు అస్సలు నచ్చలేదు. కొత్త జీప్ చెరోకీ హైబ్రిడ్ ఆల్ వీల్ డ్రైవ్‌తోనే వస్తోంది, గ్యాలన్‌కు 37 మైళ్లంటున్నారు. అందులో ఇంజిన్, హైబ్రిడ్ రెండూ ఇక్కడి మార్కెట్‌కు కొత్తవి కాబట్టి ఒక ఏడాది గడవనివ్వండి. ఫోర్డ్, జీఎం, స్టెల్లాంటిస్‌లలో పనిచేసే మనవాళ్లకు ఉద్యోగి ధరలు దొరుకుతాయి. వాళ్ల లెక్క వేరు. ఆ తగ్గింపు పెద్దదైతే జీఎం వాళ్ల షెవీ ఈక్వినాక్స్ లాంటిది కూడా చూడొచ్చు, దానికీ హైబ్రిడ్ లేదు.

డబ్బు లెక్క

మైలేజీ కోసమే రావ్4కి ఆగుతున్నామనే వాళ్లు ఒకసారి కాగితం మీద లెక్క వెయ్యండి. ఏడాదికి 12,000 మైళ్లు, గ్యాలన్ 3 డాలర్లు అనుకుందాం. రావ్4 గ్యాలన్‌కు 40 మైళ్లు ఇస్తుందనుకుంటే ఏడాదికి 900 డాలర్లు. 37 ఇచ్చే సీఆర్‌వీ హైబ్రిడ్‌కు 973. 35 ఇచ్చే ఫారెస్టర్ హైబ్రిడ్‌కు 1,029. 29 ఇచ్చే గ్యాస్ ఫారెస్టర్‌కు 1,241. రావ్4కూ సీఆర్‌వీకీ మధ్య తేడా నెలకు ఆరు డాలర్లు. దానికోసం చలికాలమంతా ఆగాల్సిన పని లేదు. హైబ్రిడ్‌కూ గ్యాస్‌కూ మధ్య తేడా మాత్రం లెక్కలోకి తీసుకోదగినదే.

ఈ అంకెలన్నీ మంచి వాతావరణానివి. చలికి మైలేజీ పడిపోతుంది. బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు, చిన్న ప్రయాణాల్లో, హైబ్రిడ్ మైలేజీ 30 శాతం పైగా తగ్గొచ్చని ప్రభుత్వ ఇంధన విభాగం వాళ్లే చెబుతారు. లోపల వేడి కోసం ఇంజిన్ మాటిమాటికీ నడవాలి కదా. జనవరిలో మీ హైబ్రిడ్ గ్యాలన్‌కు 28 చూపిస్తే బండి పాడైందని కంగారుపడకండి.

మార్కప్ సంగతి. కొత్త రావ్4 వచ్చిన మొదటి నెలల్లో స్టిక్కర్ ధర మీద అదనంగా అడిగే డీలర్లు ఉంటారు. ఇంకా షోరూమ్‌కు రాని బండికి, ధర రాసివ్వకుండా డిపాజిట్ కట్టమని నన్నొక డీలర్ అడిగాడు. "ధర తర్వాత చూసుకుందాం సార్" అన్నాడు. లేచి వచ్చేశాను. డిపాజిట్ కట్టాలంటే మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: బండి ట్రిమ్, ఆల్ వీల్ డ్రైవ్ ఉందా లేదా, మొత్తం ధర ఎంత. వద్దనుకుంటే ఆ డబ్బు వెనక్కిస్తారో లేదో కూడా రాయించుకోండి. పక్కనే ఒహాయోలో, ఇండియానాలో డీలర్లకు ఈమెయిల్ పెడితే ఒక్కోసారి వెయ్యి, రెండు వేలు తేడా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ ఎలాగూ మన రాష్ట్రంలోనే కదా.

లోనుతో కొనేవాళ్లకు 2025లో కొత్తగా వచ్చిన పన్ను వెసులుబాటు ఒకటి ఉంది. 2025 నుంచి 2028 దాకా, అమెరికాలో తయారైన కొత్త కారు మీద కట్టే లోను వడ్డీలో ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. లీజుకు వర్తించదు, పాత కారుకు వర్తించదు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే ఆదాయం 2 లక్షల డాలర్లు దాటిన దగ్గర్నుంచి తగ్గుతూ, రెండున్నర లక్షలకు పూర్తిగా పోతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్లకు పెద్దగా దక్కకపోవచ్చు. భార్యో భర్తో హెచ్-4 వీసా మీద ఉండి ఒక్కరే సంపాదించే ఇళ్లకు మాత్రం పనికొస్తుంది. బండి ఏ దేశంలో తయారైందో తెలుసుకోవాలంటే వీఐఎన్ మొదటి అక్షరం చూడండి. 1, 4, 5, 7 అయితే అమెరికా. 2 అయితే కెనడా. జె అయితే జపాన్. రావ్4, సీఆర్‌వీ రెండూ కెనడాలోనూ అమెరికాలోనూ తయారవుతాయి. కాబట్టి మోడల్ పేరు చూసి ఊహించకండి, మీకిచ్చే ఆ ఒక్క బండి నంబరు చూడండి.

ప్లగ్-ఇన్ రావ్4 మీద ఆశ ఉన్నవాళ్లకు ఒక మాట. ఎలక్ట్రిక్, ప్లగ్-ఇన్ కార్లకు ఇచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ముగిసిపోయింది. ఇంట్లో గరాజ్, అందులో 240 వోల్టుల ప్లగ్గు, రోజుకు 40 మైళ్ల లోపు ప్రయాణం, ఈ మూడూ ఉంటేనే దాని అదనపు ధర గిట్టుబాటవుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అది కొనడం నేను వద్దంటాను.

ఆ ముగ్గురికి ఏం చెప్పాను

మొదటి అతను నోవైలో ఉంటాడు, ఆఫీసు వారెన్‌లో. రోజూ పోను రాను అరవై మైళ్లు, అంతా హైవే, ప్లవ్ చేసిన రోడ్లే. ఇప్పుడున్న కారు బాగానే నడుస్తోంది. "ఆగు తమ్ముడూ" అన్నాను. పాత కారుకే నాలుగు వింటర్ టైర్లు వేసుకుని ఈ చలికాలం దాటించమన్నాను. వచ్చే వేసవికి కొత్త రావ్4 మీద మార్కప్‌లు తగ్గుతాయి, తెర సంగతి పదిమంది వాడి చెప్తారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఒకటి రెండు వచ్చి ఉంటాయి. అప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ హైబ్రిడ్ తీసుకుంటే పదేళ్లు నిశ్చింతగా నడుపుకోవచ్చు.

రెండో ఆమె కాంటన్‌లో ఉంటుంది. చంటిబిడ్డ. బిడ్డను చూసుకోవడానికి అత్తగారు, మామగారు జనవరిలో వరంగల్ నుంచి వస్తున్నారు. ఉన్న కారు పాతదై ట్రాన్స్‌మిషన్ జారుతోంది. ఆమెకు ఆగే వీలు లేదు. సీఆర్‌వీ హైబ్రిడ్, ఆల్ వీల్ డ్రైవ్, దాంతోపాటు వింటర్ టైర్లు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకోమన్నాను. "రావ్4 వచ్చాక బాధపడనా అన్నయ్యా?" అని అడిగింది. ఈ తరం సీఆర్‌వీ 2023 మోడల్ నుంచి అమ్ముడవుతోంది, దాని మంచీ చెడూ అందరికీ తెలిసినవే. కొత్త మోడల్ మీద ప్రయోగం చేసే సమయం ఆ ఇంటికి ఇది కాదు. అదే మాట చెప్పాను.

మూడో అతను ట్రావర్స్ సిటీ దగ్గర ఆస్పత్రిలో రేడియాలజీలో పనిచేస్తాడు. ఇల్లు ఊరికి దూరంగా, మట్టి రోడ్డు మీద. సరస్సు మీద నుంచి వచ్చే మంచు అక్కడ మనకంటే చాలా ఎక్కువ పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పిలుపొస్తే, ప్లవ్ రాకముందే బయల్దేరాలి. అతనికి రావ్4 మాటే ఎత్తలేదు. ఫారెస్టర్ హైబ్రిడ్ తీసుకోమన్నాను. ఇంకా ఎత్తు కావాలంటే 9.3 అంగుళాల వైల్డర్‌నెస్ ట్రిమ్ ఉంది, హైబ్రిడ్ వద్దనుకోవాలి, మైలేజీ తగ్గుతుంది. డిక్కీలో ఒక పార, దుప్పటి, టార్చి లైటు ఏప్రిల్ దాకా ఉంచమన్నాను.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు ఎండ ఉన్న మధ్యాహ్నం ఒంటరిగా వెళ్లకండి. చీకటి పడ్డాక వెళ్లండి, హెడ్‌లైట్లు ఎంత దూరం పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసుకెళ్లి, వాళ్లనే రెండుసార్లు ఎక్కి దిగమనండి. పిల్లల సీటు మీరే బిగించి చూడండి. గ్లవ్స్ తొడుక్కుని హీటరు తిప్పి చూడండి. డీలర్ చుట్టూ ఉన్న రోడ్డు మీద కాకుండా, మీరు రోజూ ఎక్కే ర్యాంపు ఎక్కి చూడండి.

వింటర్ టైర్ల షాపుల్లో మొదటి మంచు పడ్డ మర్నాడు నుంచి అపాయింట్‌మెంట్ దొరకదు, మంచి సైజులు అయిపోతాయి. కారు ఏదో తేలకపోయినా పర్వాలేదు, ఇప్పుడు నడుపుతున్న కారుకు ఈ వారమే ఫోన్ చేసి తేదీ తీసుకోండి.